పునర్దర్శన హాస్యము: కేతిగాడు మొదలు ఆంజనేయులు వరకు

ఒకసారి విన్న హాస్యోక్తి మరల విన్నచో చప్పబడునని లోకమున నొక నమ్మకము కలదు. విప్పిన పొడుపుకథవలె, హాస్యమునకు ప్రాణమైన ఆకస్మికత తొలగిన పిదప నవ్వు పుట్టదని పలువురు తలంతురు. అనుభవ మిందుకు విరుద్ధముగా నున్నది. జెమిని టెలివిజన్‌లో 2001 నుండి 2007 వరకు ఆదివారపు రాత్రులందు ప్రసారమైన 'అమృతం' అను హాస్య ధారావాహికను తెలుగువారు నేటికిని యూట్యూబులో మరల మరల చూచుచున్నారు. రాబోవు మాట యేదియో తెలిసియే చూచుచున్నారు. కొందరు పాత్రకంటె ముందుగా తామే ఆ మాట ననుచున్నారు. అయినను నవ్వుచున్నారు. ఇట్లు జరుగుటకు హేతు వేమి?

పాత దినముల మీది మమకారమే దీనికి కారణమని సామాన్యముగా చెప్పుదురు. ఈ సమాధాన మసత్యము కాదు గాని విమర్శకునకు చాలదు. మమకారమే యేకైక కారణమైనచో, ఆ యేండ్లలో వచ్చిన ప్రతి ధారావాహికయు నేడు ఆదరింపబడవలెను. అట్లు జరుగుట లేదు. పెక్కింటి పేర్లైనను మనకు గుర్తు లేవు. మరియు 2001 తరువాత పుట్టిన విద్యార్థులు కూడ దీనిని చూచి యానందించుచున్నారు. వారికి లేని దినములపై వారికి మమకార మెట్లు కలుగును? కావున కృతియందలి గుణ మెంత, ప్రేక్షకుని స్మృతి యెంత యను విభాగము చేయక తప్పదు. ఆ విభాగమును చేయుటయే యీ వ్యాసమున ఉద్దేశింపబడినది. అందులకై ముందుగా మన ప్రాంతపు పూర్వరంగమును, అనగా లేపాక్షి సీమలోని తోలుబొమ్మలాటను పరిశీలింతును. తెలిసిన నవ్వునకై మరల మరల పోవు నలవాటు మనకు టెలివిజన్ నేర్పినది కాదు.

1. నాట్యమండపమున హాస్యము

లేపాక్షి వీరభద్రాలయము విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్ది పూర్వార్ధమున, విరూపణ్ణ వీరణ్ణ సోదరులచే నిర్మింపబడినది. ఇందలి నాట్యమండపమును చూచువారు సాధారణముగా వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రమును దూర్చి చూచి సంతసింతురు. వస్త్ర మవతలికి వచ్చునని అందరికిని ముందే తెలియును. అయినను వచ్చిన ప్రతివాడును దూర్చియే చూచును. తెలిసిన ఫలితమును మరల పొందుటలోని యానందమున కిది చిన్న యుదాహరణము.

మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది మరియొక స్తంభము. రంభ నాట్యమాడుచుండగా బ్రహ్మ మృదంగమును, తుంబురుడు వీణను వాయించుచున్న యా మండపముననే మూడు కాళ్ళ భృంగి నాట్యాచార్యుడై నిలిచియున్నాడు. నాట్యము నేర్పువానికి మూడు కాళ్ళుండుట వికృతాకారమే. వికృతమైన ఆకారము, వేషము, వాక్కు, చేష్ట హాస్యమునకు విభావములని భరతుడు చెప్పెను. హాస్యమునకు వర్ణము తెలుపనియు, అధిదేవత ప్రమథులనియు నాట్యశాస్త్రము. భృంగి ప్రమథగణములోనివాడు, వీరభద్రుడు వారికి నాయకుడు. కావున రౌద్రమూర్తియైన వీరభద్రుని యాలయమున హాస్యమునకు చోటు దొరకుట శాస్త్రవిరుద్ధము కాకపోగా, శాస్త్రమునకు మిక్కిలి యనుకూలమే. దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన గణమే నవ్వునకు కూడ దేవత యనుటలో మన పూర్వులు హాస్యము యొక్క తీక్ష్ణతను గుర్తించిరనుట స్పష్టము.

ఆ మండపపు పైకప్పునందలి వర్ణచిత్రములలో కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము మొదలగు కథలు కలవు. ప్రక్కచూపు ముఖములు, ముందునకు పొడుచుకొని వచ్చు కనులు, అంచులు తీర్చిన వస్త్రములు వీని లక్షణములు. ఈ లక్షణములకును, ఈ ప్రాంతపు తోలుబొమ్మలకును గల పోలికను చిత్రకళా పరిశీలకులు సూచించియున్నారు. గోడమీది కథ కదలదు. దానిని కదలించి మాటలాడించినవారు తోలుబొమ్మలవారు.

2. తెర వెనుకటి నవ్వు

తెలుగుదేశమున బొమ్మలాట ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటల ప్రస్తావన కలదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరము సమీపమునందలి నిమ్మలకుంట యీ కళకు ప్రసిద్ధి నొందిన గ్రామము. ఆ గ్రామపు కళాకారుడైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. సరిహద్దు కావల కన్నడదేశమున నిదే కళ 'తొగలు గొంబెయాట' యను పేర వ్యవహరింపబడును.

రామాయణ భారత కథలు ప్రధాన వస్తువు. కాని కథ నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అను మూడు బొమ్మలు ప్రవేశించును. పోలిగాడును బంగారక్కయు కలహించు దంపతులు. కేతిగాడు వారి నడుమ దూరి చిచ్చుపెట్టువాడు. వీరికి రామాయణముతో గాని భారతముతో గాని సంబంధము లేదు. అయినను వీరు లేని యాట లేదు. వీరి కలహము ప్రతి యూరను, ప్రతి రాత్రియు నొక్కటే. మారునది యొక్కటి కలదు: ఆ యూరి పెద్దల పేర్లు, ఆ యేటి కరవు, ఆ వారపు సంతలో జరిగిన గొడవ వారి మాటలలోనికి వచ్చి చేరును. విదూషకుడు సంస్కృత నాటకమున రాజునకు తోడు. కేతిగాడు మాత్రము ప్రేక్షకులకు తోడు. తెరకు ఆవల నుండియు ఈవలివారి పక్షముననే మాటలాడును.

ఇచ్చట ఈ వ్యాసకర్త యనుభవ మొకటి చెప్పుట అవసరము. అది తుదకు నా వాదమునకే అడ్డు రాగలదు గావున ముందే చెప్పుట మేలు. వాన లేని సంవత్సరమున విరాటపర్వము నాడించినచో వానలు పడునను విశ్వాసము ఈ సీమలో కలదు. సాలీనా సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు అనంతపురపు పీఠభూమిలో అట్టి విశ్వాసము బలపడుట వింత కాదు. నా బాల్యమున మా యూర నట్టి యాట యొకటి జరిగెను. కీచకుని కథ సాగుచుండగా నేను మా అవ్వ ఒడిలో నిద్రపోతిని. నడిరేయి తెర వెనుక చెక్కలు తొక్కిన చప్పు డయినంతనే అవ్వ నన్ను కుదిపి, "లేయ్‌రా నాయనా, కేతిగాడొచ్చినాడు" అని లేపినది. భీముడు వచ్చినప్పుడు ఆమె నన్ను లేపలేదు. ఆమె యెన్ని మారులు కేతిగాని చూచియుండునో నేనెరుగను. నాకంటె ముందుగా నవ్వినది మాత్రము ఆమెయే.

వానకై ఆడించిన యాటలో నవ్వునకై మేల్కొనుట కేవల వినోదము కాదు. దుర్భర కాలమున తెలిసిన నవ్వు తెలిసిన చోట మరల దొరకుననుట యొక భరోసా. వాన వచ్చునో రాదో నిశ్చయము లేదు. కేతిగాడు మాత్రము తప్పక వచ్చును. పునర్దర్శనాపేక్షకు మొదటి మూలము నిశ్చయమునందలి ఈ విశ్రాంతియే యని నా యభిప్రాయము.

3. ధారావాహిక హాస్యము

ముద్రిత సాహిత్యమున ఇట్టి పునరాగమన పాత్రలు మనకు లేకపోలేదు. పానుగంటి వారి 'సాక్షి' వ్యాసములలో జంఘాలశాస్త్రి మరల మరల సభకెక్కును. మునిమాణిక్యము వారి 'కాంతం' కథలలో నొకే దంపతులు, ఒకే యిల్లు, దినదినమునకు క్రొత్త చిక్కు. టెలివిజన్ హాస్యమునకు గృహమును రంగస్థలముగా నిచ్చినది యీ కాంతము కథల సంప్రదాయమే యనవచ్చును. పరమానందయ్య శిష్యుల కథలు సరే సరి. శిష్యు లెన్నటికిని తెలివి నేర్వరాదు, నేర్చినచో కథయే లేదు.

దూరదర్శన్ కాలమున 1984లో వచ్చిన 'యే జో హై జిందగీ' దేశమున గృహహాస్య ధారావాహికకు దారి చూపినది. అందు సతీశ్ షా ప్రతి భాగమునను వేరు వేషమున కనిపించెడివాడు. హైదరాబాదు దూరదర్శన్ లో 'ఆనందోబ్రహ్మ' ద్వారా ధర్మవరపు సుబ్రహ్మణ్యము తెలుగు లోగిళ్ళకు పరిచితుడాయెను. 1995లో ఈటీవీ, జెమిని వంటి ఉపగ్రహ ప్రసార సంస్థలు వచ్చిన పిదప తెలుగు ధారావాహికలు విస్తారముగా పెరిగినవి. వానిలో కన్నీటి పాలు మెండు. నవ్వు పాలు కొంచెము.

గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' ఆ కొరతను తీర్చినది. 300కు పైగా భాగములుగా అది సాగినది. అమృతరావు, ఆంజనేయులు అను నిరువురు మిత్రులు 'అమృత విలాస్' అను భోజనశాలను నడుపుదురు. వారి యింటి యజమాని అప్పాజీ. పనివాడు సర్వము. సంజీవని, శాంత యిరువురి భార్యలు. ఇరువురకును ధనికులు కావలెనను కోరిక. ప్రతి వారమును దానికొక యుపాయము. ప్రతి యుపాయమును బెడిసికొట్టుట. మరుసటి వారమునకు మరల మొదటి స్థితి. కథ యెంత పరుగెత్తినను పాత్రలు బయలుదేరిన చోటికే వచ్చి చేరుట దీని నిర్మాణ రహస్యము. ఇతివృత్తమునకు నిర్వహణ సంధి యుండదు. ఫలాగమము లేని యీ యితివృత్తము నాటకలక్షణముల దృష్ట్యా లోపమే. పునర్దర్శనము దృష్ట్యా మాత్రము గుణము. అంత్యము లేని కథలో ఎచ్చటనుండి చూచినను మొదలే.

పాత్ర, నటుల సంబంధమునందు ఒక విశేషము కలదు. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అను మువ్వురు క్రమముగా ధరించిరి. ముఖము మారినను పాత్ర నిలిచినది. తోలుబొమ్మ నాడించు చేయి మారినను కేతిగాడు నిలిచినట్లే యిదియు. కాని ఆంజనేయుల పాత్ర యట్లు కాలేదు. ఆ పాత్రను గుండు హనుమంతరావు ఒక్కడే ధరించెను. ఆయన 2018లో మరణించెను. 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఎల్.బి. శ్రీరామ్ ఆ పాత్రను స్వీకరించెను. ఆయన సమర్థుడైన నటుడనుటలో సందేహము లేదు. అయినను ప్రేక్షకుని చిత్తము పూర్వపు ముఖమును వెదకుకొనును. పాత్ర బొమ్మగా నుండుటకును, వ్యక్తిగా మారుటకును గల భేద మిచ్చట తేటపడును. బొమ్మకు చావు లేదు, వ్యక్తికి కలదు. పునర్దర్శనమునందలి నవ్వున నొక దిగులు చేరుటకు కారణ మిదియే.

4. పునరావృత్తి ద్వైవిధ్యము

ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో ప్రకటించిన హాస్య మీమాంసలో, సజీవమైన దానిపై యాంత్రికత యావరించినప్పుడు నవ్వు పుట్టునని ప్రతిపాదించెను. పెట్టె మూత తీయగానే పైకి లేచు బొమ్మను, దారములతో ఆడించు బొమ్మను ఆయన దృష్టాంతములుగా తీసికొనెను. ఎన్ని మారులు అణచినను పైకి లేచు బొమ్మవలె, ఎన్ని మారులు ఓడినను మరల క్రొత్త యుపాయము పన్ను అమృతరావు హాస్యపాత్ర యగును. ఇంతవరకు బెర్గ్‌సన్ సిద్ధాంతము మనకు ఉపకరించును.

కాని ఆయన చెప్పినది కృతిలోపలి పునరావృత్తి. మన ప్రశ్న ప్రేక్షకుడు చేయు పునరావృత్తిని గురించినది. ఈ రెంటిని కలిపివేయుట పొరపాటు. ప్రేక్షకగతమైన పునరావృత్తియు మరల రెండు విధములు.

తోలుబొమ్మలాటలో మరల వచ్చునది పాత్ర, పాఠము క్రొత్తది. నిన్నటి కేతిగాని మాట నేడు యథాతథముగా దొరకదు. టెలివిజన్ పునఃప్రసారములో మరల వచ్చునది పాఠమే. అక్షరము మారదు, నటుని కనురెప్పపాటు కూడ మారదు. అమెరికాలో 1951లో ప్రారంభమైన 'ఐ లవ్ లూసీ' ఫిల్ముపై చిత్రింపబడుటచే పునఃప్రసారమునకు అనువైనది. ఈ సాంకేతిక వసతియే పునర్దర్శనమను నూతన రసికవృత్తిని లోకమున కలిగించినది. మొదటి దానిని 'పాత్రానువృత్తి' యనియు, రెండవ దానిని 'పాఠానువృత్తి' యనియు వ్యవహరింతము.

పాత్రానువృత్తి వర్తమానముతో ముడిపడియుండును. ఈ యేటి కరవు కేతిగాని నోట రాకతప్పదు. పాఠానువృత్తి భూతకాలముతో ముడిపడియుండును. దానిలో కరవు కూడ 2003 నాటి కరవే. కావున మొదటిదానిలో మమకారమునకు ఎడము తక్కువ; రెండవదానిలో మమకారము అనివార్యము. మా అవ్వ కేతిగాని చూచి నవ్వుట పూర్వస్మృతిచేత కాదు. ఆమెకు ఆ నవ్వు ఆ రాత్రికి చెందినది. నేను నేడు కేతిగాని తలంచుకొని నవ్వుట మాత్రము స్మృతియే.

5. స్మృతి, ఔత్సుక్యము, రసవిఘ్నము

పాశ్చాత్యులు నోస్టాల్జియా యను పదమును తొలుత వైద్యశాస్త్రమున వాడిరి. 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, ఇల్లు విడిచి దూరమున నున్నవారిని పీడించు వ్యాధికి ఈ పేరు పెట్టెను. తిరిగి యింటికి చేరుట, నొప్పి యను రెండు గ్రీకు పదముల కలయిక యది. మన యాలంకారికులు దీనిని వ్యాధిగా గణింపలేదు. వారి ముప్పదిమూడు వ్యభిచారి భావములలో స్మృతి యొకటి, ఔత్సుక్య మొకటి. ఈ రెండును కూడినదే మన ప్రస్తుత భావము. గమనింపదగిన దేమనగా, భరతుడు ఔత్సుక్యమును విప్రలంభమునకును కరుణమునకును చెప్పెను గాని హాస్యమునకు చెప్పలేదు. హాస్యమునకు చెప్పిన వ్యభిచారులు ఆలస్యము, అవహిత్థము, తంద్ర, నిద్ర, స్వప్నము, ప్రబోధము, అసూయ మొదలగునవి. అనగా పాత హాస్యమును మరల చూచువాడు హాస్యమునకు సహజము కాని భావమును వెంట తెచ్చుకొనుచున్నాడు.

ఇది రసానుభవమునకు సహకరించునా, అడ్డగించునా? అభినవగుప్తుడు అభినవభారతియందు ఏడు రసవిఘ్నములను పేర్కొనెను. వానిలో స్వీయ సుఖదుఃఖములకు వివశుడగుట యొకటి. దేశకాల విశేషములకు కట్టుపడుట మరియొకటి. పునర్దర్శకుడు ఈ రెంటికిని లోబడినవాడే. ఆదివారపు రాత్రి, వసారాలో నొకే టెలివిజన్ పెట్టె, ఇరుగుపొరుగు పిల్లలు, నేడు లేని తాత నవ్వు: ఇవి చిత్తమును నింపగా, తెరమీది ఆంజనేయులు నిమిత్తమాత్రు డగును. ఈ సీమ నుండి బెంగుళూరునకు పనులకై వలసపోయి, ఒంటి గదిలో చిన్న తెరపై ఆ భాగములను చూచు యువకుడు చూచునది ధారావాహికనా, తన యింటినా?

స్వీయ సుఖదుఃఖముల నుండి ప్రేక్షకుని మరలించుటకే నాట్యమున గీతవాద్యములు, మండపాలంకరణము ఏర్పడినవని అభినవగుప్తుని వివరణము. తోలుబొమ్మలాటలో గణపతి ప్రార్థన, మద్దెల మ్రోత ఈ పనినే చేయును. 'అమృతం'లో నీ పనిని ప్రారంభగీతము చేసెను. సిరివెన్నెల సీతారామశాస్త్రి రచింపగా కళ్యాణి మాలిక్ స్వరపరచిన యా పాట వినిపించినంతనే 2001లో ప్రేక్షకుడు తన వారపు చిక్కులను మరచి తెర ముందునకు చేరెను. నేడో? అదే పాట వినిపించినంతనే తన గతమంతయు మీదికి వచ్చును. విఘ్నమును తొలగించుటకై పుట్టిన సాధనమే కాలక్రమమున విఘ్నమునకు ద్వారమైనది. పునఃప్రసార కళలన్నిటను గల ఈ వైపరీత్యమును విమర్శకులు తగినంతగా గుర్తించినట్లు లేదు.

6. విరోధ పరిహారము

అట్లయినచో పునర్దర్శనమున రసమే లేదనవలెనా? అట్లనుట త్వరపాటు. ఇచ్చట రెండు సమాధానములు కలవు.

మొదటిది: శాకుంతల పంచమాంకమున హంసపదిక పాట విని దుష్యంతుడు కారణ మెరుగని పర్యుత్సుకతకు లోనగును. అభినవగుప్తుడు రసచర్చయందు ఈ ఘట్టమును ఉదాహరించెను. అచ్చటి స్మృతికి ఇది, అప్పుడు, నాది యను గుర్తులు లేవు. వ్యక్తిచిహ్నములు రాలిపోయిన స్మృతి విఘ్నము కాదు. సాధారణీకృతమగుటచే ఆస్వాద్య మగును. 2001 తరువాత పుట్టిన విద్యార్థికి 'అమృతం' చూచినప్పుడు కలుగునది యిట్టి పర్యుత్సుకతయే. తాను చూడని కాలముపై, తాను కూర్చుండని వసారాపై అతనికి కోరిక పుట్టును. రష్యాలో పుట్టి అమెరికాలో అధ్యాపకురాలైన స్వెత్లానా బోయిమ్ 2001లో ప్రకటించిన గ్రంథమున, పోయినదానిని యథాతథముగా నిలుపగోరు స్మృతిని, పోయినదని యెరిగి చింతించు స్మృతిని వేరుపరచెను. ఈ రెండవది మన పర్యుత్సుకతకు దగ్గర.

రెండవది: హాస్యమునకు కరుణము విరోధి యని సాహిత్యదర్పణకారుడు చెప్పెను. కాని విరుద్ధ రసముల ఆశ్రయములు భిన్నములైనచో విరోధము పరిహరింపబడునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున వివరించెను. ఆ సూత్రము కావ్యములోని పాత్రలను గూర్చి చెప్పబడినది. దానిని ప్రేక్షకుని వరకు విస్తరించుట నా సాహసము. కృతియందలి హాస్యమునకు ఆలంబనము అమృతరావు. ప్రేక్షకుని దిగులునకు ఆలంబనము గడచిన కాలము. నిష్కర్షగా చెప్పవలెనన్న, ఆ దిగులు కరుణరసము కాదు. లౌకికమైన శోకలేశము మాత్రమే. రెండును ఒకే చిత్తమున నున్నను వేరు వేరు ఆలంబనములను పట్టుకొనియుండుటచే ఒకదాని నొకటి హరింపవు. కనుల నీరు నిండగా నవ్వు వారిని మన మెరుగుదుము. ఆ స్థితిని శాస్త్రము నిషేధింపలేదు.

అయితే దీనికొక నియమము కలదు. కృతియందు హాస్యము స్వయముగా బలవంతమై యుండవలెను. లేనిచో శోకలేశమే మిగిలి, నవ్వు తలపోతగా దిగజారును. ఒక తరగతిలో నేనీ ధారావాహిక భాగమొకటి చూపితిని. దీనిని పరిశోధన యనను. ఒక యనుభవము మాత్రమే. ఉపాయము బెడిసికొట్టిన ఘట్టమునకు విద్యార్థులు విరగబడి నవ్విరి. ఆ కాలమునకే చెందిన మాటలకు నవ్వలేదు. ఆ మాటలకు నవ్వినవాడను నేనొక్కడనే. వారి నవ్వు కృతిగుణమునకు కొలత. నేను నవ్వి వారు నవ్వని చోటు నా స్మృతికి కొలత. విమర్శకుడు తన మమకారమును కొలుచుకొనుటకు ఇంతకంటె సులభమైన మార్గము నాకు తెలియదు.

7. మమకారము కప్పిపుచ్చు దోషములు

మమకారము గుణములను పెంచుటయే కాక దోషములను కప్పును. పోలిగాడు, బంగారక్కల కలహమున అశ్లీలము కలదు; స్త్రీని తక్కువచేయు మాటలు కలవు. జానపదమను పేర వానిని మనము వెనుకవేసికొని వచ్చుట సరికాదు. గృహహాస్య ధారావాహికలందును బట్టతల, స్థూలకాయము, భార్యాభీతి, పనివాని తెలివితక్కువ యనునవి అరిగిపోయిన విభావములు. భరతుడు ఉత్తములకు స్మిత హసితములు, మధ్యములకు విహసిత ఉపహసితములు, అధములకు అపహసిత అతిహసితములు చెప్పెను. ఈ విభాగమును పాత్రల కులగౌరవమునకు గాక, నవ్వు యొక్క నైతికతకు అన్వయించినచో మనకొక ప్రమాణము లభించును. తన యాశను చూచి తానే నవ్వుకొనజేయు ఘట్టము ఉత్తమము. ఎదుటివాని దేహమును చూచి నవ్వించు ఘట్టము అధమము. 'అమృతం' పెక్కు చోట్ల మొదటి తెగకు చెందినది. దాని దీర్ఘాయువునకు మూల మదియే. రెండవ తెగకు చెందిన చోటులు దానిలో లేవనుట మమకారము పలికించు మాట యగును.

మరియొక దోషము శ్రోతలది. 2020 మార్చిలో దేశమంతయు ఇండ్లకు పరిమితమైనప్పుడు దూరదర్శన్ 1987-88 నాటి 'రామాయణ్' మొదలుకొని పూర్వపు హాస్య ధారావాహికల వరకు పునఃప్రసారము చేసెను. ఆ నిర్బంధ కాలమున అది యుచితమే. కరవునాటి కేతిగానివలె అవి జనులకు నిశ్చయమును ప్రసాదించినవి. కాని కరవు తీరిన పిదపను పాత ధాన్యమునే తినుచు క్రొత్త విత్తనము వేయకున్న ఏమగును? పాఠానువృత్తికి అలవాటుపడిన జాతి నూతన హాస్యరచనను కోరుట మానును. కోరువారు లేనిచో వ్రాయువారును ఉండరు.

8. ఉపసంహారము

ఇంతవరకు చేసిన చర్చ సారాంశ మిది. తెలిసిన హాస్యమును మరల చూచుట నిశ్చయమునందలి విశ్రాంతి కొరకు. ఈ యలవాటు తోలుబొమ్మలాట నుండి మనకు కలదు. పాత్రానువృత్తి వర్తమానమును తనలో చేర్చుకొనును. పాఠానువృత్తి గతమును మోసికొనివచ్చును. వ్యక్తిగత స్మృతి రసవిఘ్నము. సాధారణీకృతమైన పర్యుత్సుకత విఘ్నము కాదు. కృతియందు స్వతస్సిద్ధమైన హాస్యమున్నచో దిగులుతో కూడియు అది నిలుచును.

నిమ్మలకుంటలో నేడు బొమ్మలాటకంటె దీపపు తొడుగులు, గోడ యలంకారములు చేయుట ప్రధాన జీవనాధారము. ఒకప్పుడు దీపము బొమ్మకు వెనుక నిలిచి దానిని కనబరచెను. నేడు బొమ్మ దీపమునకు తొడుగై నిలిచినది. కళాకారుల జీవనము గడచుటకు ఇది మేలే గాని, తొడుగుపై నున్న కేతిగాడు మాటలాడడు. అతని మాటలు ముద్రింపబడినవి మిక్కిలి తక్కువ. రామాయణ పాఠమును సేకరించినవారును ఈ నడుమ హాస్యమును ప్రక్షిప్తముగా తలంచి వదలుట కలదు. 'అమృతం' తెరపై భద్రముగా నున్నది. కేతిగాని మాట మాత్రము ముసలి కళాకారుల నాలుకపై నున్నది. కావున మన శాఖలలోని పరిశోధక విద్యార్థులు ఆ హాస్యభాగములను, ఏ యూర ఏ యేట ఎట్లు మారినదో తెలుపు వివరములతో, వెంటనే నమోదు చేయవలెను. టెలివిజన్ హాస్యరచనల ప్రతులను సేకరించి వానిని కూడ పాఠ్యములుగా పరిశీలింపవలెను.

నా మట్టుకు నేను, కేతిగాని గూర్చిన నా యభిప్రాయమున మా అవ్వ పాలెంతయో, కేతిగాని పాలెంతయో ఇప్పటికిని పూర్తిగా వేరుచేయలేకున్నాను. నాతోపాటు ఆమె ఒడిలో నిద్రపోని పరిశోధకు డెవడైనను ఆ బొమ్మను చూచి, విని, నవ్వి లేక నవ్వకుండి, ఈ లెక్కను సరిచేయవలసియున్నది.